ఓడకుండుటయు నొక విద్యయే

లోకము గెలిచినవారికి జేజేలు పలుకును. ఓడినవారిపై జాలి చూపును. ఈ రెంటి నడుమ నిలిచినవారి కేమి చెప్పవలయునో దానికి తోచదు. చదరంగమున ఇరువు రాడి, ఎవరును గెలువక, ఎవరును ఓడక ముగించిన యాటను పిల్లలు "డ్రా" అందురు; పెద్దలు "సరిపోయినది" అందురు. ఆడినవా రిరువురును సమాన బలము గలవారైనచో ఆ మాటతో సంగతి ముగియును. ఒకరు ఆరితేరినవారు, మఱియొకరు నిన్న మొన్న నేర్చినవారు అయినపుడు మాత్రము ఊరకుండరు. "పెద్దవారు దయదలచి విడిచిరి" అని కొందఱు, "అదృష్టము కలిసివచ్చినది" అని కొందఱు తీర్పు చెప్పుదురు. ఈ రెండు తీర్పులును తఱచుగా తప్పనియు, అట్టి యాట వెనుక నభ్యాసముచే వచ్చు విద్య యొకటి యున్నదనియు, ఆ విద్య మన బాలికలకు మిక్కిలి యవసరమనియు సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చదరంగము తెలుగువారికి క్రొత్త విద్య కాదు. "వాని ఆట కట్టినది", "ఎత్తుకు పైయెత్తు వేసినాడు" అను మాటలు పావులను ముట్టనివారి నోటను గూడ పలుకుచుండును. శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన యను కవి చదరంగమున మేటియై యుండెననియు, నూర్గురు రాయలవారి పక్షమున నొక్కటియై ఆడినను తానే గెలిచెడివాడనియు నొక చాటుపద్యము చెప్పుచున్నది. ఆ పద్యములో గెలుపే యున్నది. తిమ్మనగారి యెదుట ఓడక నిలిచినవా రెవరైన నుండిరో లేదో చాటువు చెప్పదు. కవులకును గెలుపుమీదనే మక్కువ.

అయినను మన కథలలో సరిపోయిన పోరు లేకపోలేదు. గయోపాఖ్యానము నెఱుగని తెలుగు ఇల్లాలుండదు. శరణన్న గయుని కాపాడుటకై అర్జునుడు సాక్షాత్తు శ్రీకృష్ణునితోనే తలపడెను. బలాబలములు చూచినచో అది సరిజోడు కాదు. ఐనను తుదకు గయుడు బ్రదికెను. అర్జునునికి కావలసిన దదియే. కృష్ణుని గెలుచుట అతని కోరిక కాదు, తన మాట నిలుపుకొనుటయే. బలహీనుడు బలవంతునితో పోరునపుడు తనకేది కావలయునో ముందుగా నిశ్చయించుకొనుట యెంత ముఖ్యమో యీ కథ చెప్పుచున్నది.

ఇక మన యిండ్లలోని పులి మేకల యాటను తలచుకొనుడు. పులులు రెండో మూడో, మేకలు పదియేను. పులి దుమికి చంపగలదు; మేక చంపలేదు. అయినను మేకలు ఒకదానివెనుక నొకటి నిలిచి, పులి దుముకుటకు చోటు లేకుండ చేసినచో ఆ పులి కూర్చున్న చోటనే కూర్చుండిపోవును. బలవంతునికి కదలుటకు తావులేకుండ జేయుట మన అమ్మమ్మలు అరుగుమీద సుద్దముక్కతో గీచి నేర్పిన విద్యయే. చదరంగమున నది మఱికొంత సూక్ష్మముగా వచ్చును.

ఈ కాలమున నందఱును చూచిన నిదర్శన మొకటి చెప్పెదము. 2025వ సంవత్సరము జూలై నెలలో జార్జియా దేశమందలి బటూమి పట్టణమున మహిళల ప్రపంచకప్పు చదరంగపు పోటీ జరిగినది. తుదిపోరునకు మిగిలిన యిరువురును భారతీయులే. ఒకరు గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపి. తండ్రి అశోక్ గారే ఆమెకు గురువు. ఆమె 2002లో 15 సంవత్సరముల 1 నెల 27 దినముల వయసున గ్రాండ్‌మాస్టరు పట్టము నంది, అంతవఱకు హంగేరీ దేశపు జూడిట్ పోల్గార్ పేర నున్న స్త్రీల రికార్డును దాటినది. 2017లో తల్లియై, కొంతకాలము పావులకు దూరముగానుండి, తిరిగివచ్చి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను త్వరితపు ఆటలలో ప్రపంచవిజేతగా నిలిచినది. బిడ్డ పుట్టిన పిదప ఆడుదానికి ఆటపాట లేలనువారికి ఇంతకన్న సమాధానము వేఱు కావలెనా?

రెండవవారు నాగపురికి చెందిన కుమారి దివ్యా దేశముఖ్. అప్పటికి వయసు 19 సంవత్సరములు. హంపిగారు గ్రాండ్‌మాస్టరైన నాటికి ఈ బాలిక పుట్టనేలేదు. బటూమికి వచ్చునాటికి ఆమెకు గ్రాండ్‌మాస్టరు పట్టమును లేదు. ఆటగాండ్ర బలమును అంకెలలో కొలుచు పద్ధతి ననుసరించి అప్పుడు హంపిగారిది 2543, దివ్యది 2463. అంతకుముందే క్వార్టరు ఫైనలులో మన గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారికతో దివ్య ఆడిన రెండు నిదానపు ఆటలును సరిపోయినవి; పిదప త్వరితపు ఆటలలో దివ్య గెలిచినది.

తుదిపోరున జూలై 26న మొదటి యాట. తెల్లపావులతో ఆడిన దివ్యకు ఆరంభముననే పైచేయి దొరికినది. కాని దానిని గెలుపుగా మలచుకొన లేకపోయినది. హంపిగారు ఓర్పుతో నిలదొక్కుకొనిరి. 41 ఎత్తులకు ఆట సరిపోయినది. మఱునాడు రెండవ యాట 34 ఎత్తులకు సరిపోయినది. 28వ తేదీని త్వరితపు ఆటలలో మొదటిది సరిపోయి, రెండవదానిలో నల్లపావులతో దివ్య గెలిచి, ప్రపంచకప్పును, దానితోడనే గ్రాండ్‌మాస్టరు పట్టమును గైకొనినది.

వార్తాపత్రిక లన్నియు ఆ చివరి గెలుపును గూర్చి వ్రాసినవి. మా కన్ను మాత్రము దానికి ముందరి మూడు సరియాటలమీద నున్నది. అవియే లేనిచో ఆ గెలుపునకు తావెక్కడిది? మొదటి యాటలో బలసంఖ్య యెక్కువగల హంపిగారే కష్టములో పడి, ఓడక నిలిచిరనుట మఱువరాదు. ఓడకుండు విద్య చిన్నవారికే కాదు, పెద్దవారికిని ఆపద్బంధువు.

ఈ బలసంఖ్య లేమియో కొంచెము చెప్పుదము. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాద్ ఎలో అను పండితుడు కల్పించిన లెక్క యిది. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దీనిని స్వీకరించినది. గెలుపునకు ఒకటి, సరియాటకు అర, ఓటమికి సున్న. ఇరువురి సంఖ్యలలో 80 భేదమున్నచో, నూరాటలాడిన పెద్ద సంఖ్యవారికి సుమారు 61, చిన్న సంఖ్యవారికి 39 వచ్చునని లెక్క. భేదము 200 అయిన పెద్దవారి పాలు సుమారు 76. 400 అయిన సుమారు 91. అనగా 400 తక్కువ గలవారు ఒక్కయాట సరిచేసికొన్నచో, తమ కెదురుచూడబడిన తొమ్మిది పాళ్లకు బదులు ఏబది పాళ్లు తెచ్చుకొన్నట్లు. 18 ఏండ్లు నిండక, 2300 సంఖ్య చేరని పిల్లల కట్టి సరియాట యొక్కటే 16 అంకెలకు పైగా పెంచును. పెద్దవారికి కొంత తఱుగు వచ్చును. చూచితిరా! ఊరివారు "సరిపోయినది" అని తేల్చివేసిన యాటను గణితము అట్లు తేల్చదు. చిన్నవారి శ్రమను అణాపైసలతో లెక్కగట్టి యిచ్చును.

అంకెలమాట అటుంచి, మా యరుగుమీద జరిగిన యాట నొకదానిని వివరించెదము. మావా రుపాధ్యాయు లగుటచే సెలవుదినములలో బడిపిల్లలు మా యింట చేరుచుందురు. ఒకనాడు పదవ తరగతి చదువు బాలుడును, ఏడవ తరగతి చదువు బాలికయు చదరంగమున కూర్చుండిరి. ఆ బాలుడు మా వీథిలో నందఱిని గెలిచినవాడు. ఆట సగమగునప్పటికి బాలిక పావులు చాలవఱకు పోయినవి. చివరకు బాలునికి రాజు, ఒక శకటము, రెండు బంట్లు. బాలికకు రాజు, ఒక గుఱ్ఱము. అప్పు డా పిల్ల తన గుఱ్ఱమును బలియిచ్చి నడుమనున్న బంటును చంపివేసినది. చూచువారు "అయ్యో, ఉన్న ఒక్క గుఱ్ఱమును పోగొట్టుకొన్నదే" యనిరి. ఇక బాలునికి మిగిలినది శకటమును, బల్ల అంచువరుసలోని బంటును. బాలికకు ఒంటిరాజు. ఆమె ఆ రాజును తిన్నగా ఆ బంటు చేరవలసిన మూలగడిలోనికి నడిపించుకొని పోయి కూర్చుండబెట్టినది.

ఇందలి మర్మ మేమనగా, ఆ మూలగడి తెల్లనిది. బాలుని శకటము నల్లగడులలో మాత్రమే తిరుగునది. శకటము పుట్టిన రంగును విడిచి జన్మములో రెండవ రంగు మీద కాలు మోపదు. కనుక మూలనున్న రాజును అక్కడినుండి వెడలగొట్టుట దానివలన కాదు. బంటు ముందుకు వచ్చినకొలది ఒంటిరాజునకు తిరుగు చోటు తగ్గును గాని మూలగడిలో దానిపై దాడి చేయుట కుదురదు. తుదకు కదలుటకు గడియు లేక, రాజుపై దాడియు లేక ఆట నిలిచిపోవును. దానిని స్టేల్‌మేట్ అందురు. చట్టముప్రకారము అది సరియాట. బాలుడు అరగంట పెనగులాడినాడు. ఆట సరిపోయినది.

అప్పుడు ప్రక్కనున్న పెద్దాయన యొకరు, "పాపం, ఆడపిల్లగదా అని పిల్లగాడు ఇడిసిపెట్టిండు" అన్నారు. ఆ మాట వినినంతనే బాలిక ముఖము చిన్నబోయినది. ఓడినచో అంత నొచ్చుకొని యుండదు. తాను సంపాదించినదానిని ఇతరుల దానముగా చెప్పుట యెంతటి యన్యాయము! మేము పావులను మరల నట్లే పేర్చి, "పెద్దయ్యా, బలమైన పక్షము మీరే పట్టుడు, గెలిచి చూపుడు" అంటిమి. ఆయన మూడుమారు లాడిరి. మూడుమారులును ఒంటిరాజు మూలనే యుండెను. "సాక్షాత్తు హంపిగారే వచ్చి ఆ పక్షమున కూర్చున్నను గెలుచుటకు వీలులేని స్థితి యిది. ఈ స్థితిని ముందుగా నూహించి, కావలెననియే గుఱ్ఱము నిచ్చి తెచ్చుకొన్నదీ పిల్ల" అని చెప్పితిమి. ఆయన మంచివారు. "అట్లనా బిడ్డా! నాకు తెల్వకపాయె" అని నవ్విరి. బాలుడును తల యూచి, ఆ మర్మము తనకు నేర్పుమని ఆమెనే యడిగినాడు.

బలహీనుల కండగా నిలుచు చట్టము లింకను కలవు. ఒకే స్థితి మూడుమారులు వచ్చినచో ఆటగాడు సరియాట కోరవచ్చును. ఇరువైపుల నేబదేసి యెత్తులు గడచినను ఒక్క పావు చావక, ఒక్క బంటు కదలక యున్నను కోరవచ్చును. ఎదుటి రాజుపై విడువక దాడిచేయుచు తప్పించుకొన నీయకుండుట మఱియొక యుపాయము. ఇవి గాక కోట కట్టుట యొకటి. ఇది రాజును, ఏనుగును కలిపి జరుపు ఎత్తు కాదు; ఉన్న కొద్దిపాటి పావులతో శత్రువు చొరరాని చోటు నేర్పరచుకొని కదలక యుండుట. మన జగిత్యాల కోటను చూడుడు. నక్షత్రపు ఆకారమున మొనలు దేలి, చుట్టును అగడ్తతో పదునెనిమిదవ శతాబ్దమున కట్టబడినది. ఏ మొనవద్ద నిలిచినను ప్రక్కమొన కనబడును. ఒకదాని నొకటి కాచుకొనును. కోటమీది విలుకా డొక్కడు క్రిందనున్న నూర్గురితో పోరగలడని మన నీతిశాస్త్రకారు లన్నది ఇందుకే. చదరంగపు కోటయు నట్టిదే. పావులు కొద్దియైనను ఒకదాని నొకటి కాచుకొనవలెను.

ఇక్కడ తల్లులు గమనింపవలసిన దొకటి కలదు. మన యిండ్లలో నాడు చదరంగమునకు ఇంటికొక చట్టము. ఒకచోట బంటు మొదట ఒక్క గడియే కదలవలెనందురు. ఒకచోట ఒంటిరాజు మిగిలిన ఆట యంతటితో సరియందురు. ఒకచోట కదలలేని రాజు ఓడినట్లే యందురు. ఇందు వింత యేమియు లేదు. ఇంగ్లండులో సయితము పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఎదుటి రాజును కదలకుండ జేసినవాడే ఓడినట్లు చెప్పుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున గాని అది సరియాటగా స్థిరపడలేదు. కాని పోటీలకు పంపదలచిన పిల్లలకు ప్రపంచ సమాఖ్య చట్టమునే మొదటినుండి నేర్పవలెను. ఇంట నేర్చిన చట్టము వేఱు, పోటీచట్టము వేఱు అయిన, చేతికందిన సరియాట చేజారును. దేశీయపు ఆటనుండి పోటీయాటకు మాఱుట అసాధ్యము కాదు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ గారి పరిచారికలలో నొకతె యగు ఫాతిమా యను భారతీయ యువతి ఇంగ్లండునకు పోయి, 1933లో బ్రిటిషు స్త్రీల చదరంగ విజేతగా నిలిచినది. పరిచారికకు సాధ్యమైనది మన పిల్లల కేల సాధ్యము కాదు?

సంధి మాటయు చెప్పవలయును. ఆట నడుమ నొకరు "సరిచేసికొందమా?" అని యడుగవచ్చును; రెండవవా రంగీకరించిన ఆట ముగియును. కొన్ని పోటీలలో 30 ఎత్తులకు ముందు ఇట్లడుగ కూడదను నియమమును పెట్టుదురు. బలవంతుడు తానై యడిగినపుడు మన పిల్లలు పొంగిపోయి వెంటనే తల యూపుదురు. అంత పెద్దవా రడిగిన కాదనుట మర్యాద కాదని మనమే వారికి నేర్పితిమి. కాని ఆలోచింపుడు: గెలుచుచున్నవాడు సంధి యేల అడుగును? రాయబారము పంపువాడు తన సేనను లెక్కించుకొనియే పంపును. కనుక ఆ మాట వినబడిన తోడనే బాలిక చేయవలసినది బల్లను మరల నొకమారు నిదానముగా చూచుట. తన స్థితి మంచిదైనచో "ఆడుదము" అని వినయముగా పలుకవచ్చును. అందు అమర్యాద యేమియు లేదు. సరియాట ఓటమినుండి కాపాడు గొడుగే కాని, గెలుపును కప్పిపెట్టు ముసుగు కారాదు.

పెద్దపక్షము వారికిని ఒక మాట. తమకన్న చిన్నవారితో ఆట సరిపోయినపుడు "నేను సరిగా చూడలేదు", "తలనొప్పిగా నుండెను" అని చెప్పుకొనుట మన మగపిల్లలలో నెక్కువ. వారికి గెలువవలెనను తొందరలో లేని దాడికి పోయి, సరియాటను గూడ పోగొట్టుకొనుటయు కలదు. ఎదుటివారి విద్యను ఒప్పుకొన్నవాడే మఱునాడు ఆ విద్యను నేర్చుకొనును.

ఇంతకును మేమీ సంగతి నింత విరివిగా వ్రాయుటకు కారణము చదరంగ మొక్కటే కాదు. సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమను, కోరుట్లలో, జగిత్యాలలో బీడీలు చుట్టు తల్లుల ప్రక్కనను పెరుగుచున్న ఆడపిల్లలకు బలములో తమకు మించినవారితోనే నిత్యము పోరు. చదువులో, పరీక్షలో, పెండ్లిమాటలలో, కూలిలెక్కలో వారికి దొరకు ఎదురుపక్షము ఎప్పుడును పెద్ద సంఖ్యగలదే. అట్టి పిల్లకు "నీవు గెలువలేవు, లేచి రమ్ము" అని చెప్పువారు చాలమంది. "నీవు తప్పక గెలుతువు" అని ఉబ్బించువారు కొందఱు. "నీ యొద్ద నేమి మిగిలినదో లెక్కించుకొమ్ము, నిలువదగిన మూల యెక్కడ నున్నదో చూచుకొమ్ము, చివరి గడి వఱకు లేవకుము" అని చెప్పువారు కావలెను. ఆ మాట చెప్పదగినవారు తల్లులే.

కావున రాబోవు దసరా సెలవులలో బతుకమ్మ పూలు కోయగా మిగిలిన ప్రొద్దులో ఇంట నొక చదరంగపు బల్ల పఱవుడు. ఖరీదైన పావులు అక్కఱలేదు. మొదట రాజును ఒంటిగా నిలిపి, ఎదుట రాజును, ఒక బంటును పెట్టి, ఆ బంటు చివరి గడి చేరకుండ ఆపుట పిల్లలకు నేర్పుడు. తరువాత మేము పైని చెప్పిన తెల్లమూల, నల్లశకటము ముచ్చటను పేర్చి చూపుడు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను కలిపి కూర్చుండబెట్టుడు. ఆట సరిపోయిన నాడు, "ఎవరు గెలిచిరి?" అని యడిగి ఊరకుండక, "ఎట్లు నిలిచితివి?" అని కూడ అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగిన బాలిక సగము పండితురాలు. తక్కిన సగము ఆమెయే నేర్చుకొనును.